నలభై ఇళ్ళ బియ్యం

పోయిన నెలలో ఆత్మకూరు చర్చి సంఘం నుంచి ఇద్దరు స్త్రీలు మా ఇంటికి వచ్చారు. స్త్రీల సమాజానికి పెద్ద పండుగ చేస్తున్నారట, పాతవాళ్ళందరినీ పిలుస్తున్నారట. మంచిదే. కుర్చీలు వేశాను, కాఫీ ఇచ్చాను. వాళ్ళలో చిన్నావిడ సెల్‌ఫోను చూసుకుంటూనే, "ఆంటీ, మీరు కూడా అప్పట్లో సమాజంలో ఉండేవారంట గదా, కానుకలు ఏమన్నా ఇచ్చేవారా?" అని అడిగింది. ఆ సమాజం తన తరఫున పనికి పంపిన మొదటి మనిషిని నేను. ఆ సంగతి వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. వాళ్ళు తెచ్చిన అచ్చు పుస్తకంలో "ఉదయగిరి మెట్ట ప్రాంతంలో సేవ" అని ఒక పేరా ఉంది. అందులో అప్పటి ప్రెసిడెంటు శాంతమ్మగారి పేరు మూడుసార్లు వచ్చింది. ఆమె నేను పనిచేసిన పల్లె పొలిమేర కూడా చూసి ఎరగదు. నా పేరు లేదు. "ఒక సహోదరిని పంపి" అని మాత్రం ఉంది. ఆ ఒక సహోదరి ఇప్పుడు తన కథలో ఈ అధ్యాయం రాస్తోంది.

నాకు మరుపు రాదు. మా వాళ్ళందరూ నాలో ఎంచే మొదటి లోపం అదే. "నీది జ్ఞాపకం కాదక్కా, కోర్టు కాగితం" అంటుంది మా చెల్లెలు. అననీ. మరిచిపోయిన వాళ్ళు మంచివాళ్ళనీ గుర్తుపెట్టుకున్నవాళ్ళు చెడ్డవాళ్ళనీ నేను ఎక్కడా చదవలేదు. ఆ వచ్చిన స్త్రీలు వెళ్ళిపోయాక గ్లాసులు కడుగుతుంటే, ఎందుకో మా అవ్వ వంటిల్లు ముక్కుకు తగిలింది. పొగచూరిన దూలం, తడి బూడిద, బియ్యం కుండలో ఎండిన వేపాకు, ఇవన్నీ కలిసిన వాసన.

మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాయన తాలూకాఫీసులో బంట్రోతు. నన్నూ చెల్లెలినీ పెంచింది నాయన తల్లి, మా అవ్వ. తెల్లవారుజామున లేచి, పొయ్యి అలికి, ముఖం కడుక్కుని, గోడ వైపు తిరిగి కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేది. ప్రార్థన పెదవుల మీదే ఉండేది, బయటికి వినపడేది కాదు. ఆ తర్వాత సోలతో బియ్యం కొలిచి చాటలో పోసేది. పోసిన దాంట్లోంచి ఒక పిడికెడు తీసి మూలనున్న చిన్న కుండలో వేసేది. అది దేవుని కుండ. మా సంఘంలో ప్రతి ఇంట్లోనూ అలాంటి కుండ ఒకటి ఉండేది. శనివారం సమాజం స్త్రీలు సంచి పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ఆ బియ్యం పోయించుకుని పోయేవాళ్ళు. ఒకరోజు నేను తెలివిగా, కొలవకముందే బస్తాలోంచి ఒక పిడికెడు తీసి కుండలో వేశాను. అవ్వ చూసింది. ఆ బియ్యం కుండలోంచి తీయించి మళ్ళీ బస్తాలో పోయించింది.

"కొలిచినాక తియ్యాలమ్మే," అంది. "బస్తాలోది తీస్తే బస్తా ఇచ్చినట్టు. చాటలోది తీస్తే మన కడుపు ఇచ్చినట్టు."

"రెండూ బియ్యమే గదవ్వా?"

"రెండూ బియ్యమే. పెట్టేవాళ్ళే ఒకటి కాదు."

ఆమెకు ఇంకో మాట కూడా ఉండేది. పోగలిగినవాళ్ళు పోవాల, పోలేనోళ్ళు పెట్టాల, పెట్టలేనోళ్ళు మోకాళ్ళ మీద ఉండాల అనేది. దేవుని పనిలో ఈ మూడు చోట్లే ఉన్నాయని, నాలుగోది వేడుక చూసేవాళ్ళదని, ఆ నాలుగో చోట తన ఇంటివాళ్ళు ఎవరూ ఉండకూడదని ఆమె పట్టు. అందుకే నన్ను పంపేటప్పుడు ఆమె ఏడవలేదు. నాకు అది కూడా గుర్తుంది.

నన్ను ఎట్లా పంపారో చెప్పాలి. సమాజం తన సొంతంగా దేవుని పనికి ఒక మనిషిని పెట్టుకుని, ఉదయగిరి అవతల, సీతారామపురం దారిలో ఉన్న ఒక పల్లెకు పంపాలని తీర్మానం చేసింది. ఆ పల్లెలో తాతల కాలంలో బాప్తిస్మం తీసుకున్న కుటుంబాలు పదకొండు ఉన్నాయి. వాక్యం చెప్పేవాళ్ళు లేరు, బడి లేదు. మొదట అనుకున్నది నన్ను కాదు, కృప అనే పిల్లను. కృప బాగా పాడేది, తెల్లగా ఉండేది, అందరికీ ముద్దు. తీరా ఆ పిల్లకు గూడూరులో రైల్వే సంబంధం కుదిరింది. శుక్రవారం కూడికలో చాపల మీద కూర్చున్న అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అప్పుడు సమాజం ప్రెసిడెంటు శాంతమ్మగారు, హైస్కూలు హెడ్మాస్టరుగారి భార్య, నా వైపు తిరిగి, "మన సుగుణ ఉండాది గదా, టీచరు ట్రైనింగ్ అయిపోయి ఖాళీగానే ఉండాది," అన్నారు. దేవుని పనికి పిలుపు రావాలంటారు. కొందరికి కలలో వస్తుంది, కొందరికి వాక్యంలో వస్తుంది. నాకు వచ్చిన పిలుపు ఇది. ఖాళీగానే ఉండాది.

అయినా పోయాను. మొదటి కారణం అవ్వ, రెండో కారణం మొండితనం. ఆదివారం ఆరాధన తర్వాత నన్ను ముందర మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, తల మీద చేతులు పెట్టి ప్రార్థన చేశారు. శాంతమ్మగారు ఏడ్చారు. మూడు మాటలు ఇచ్చారు. నెలనెలా బియ్యం పంపుతాం, శుక్రవారం శుక్రవారం నీ పేరు పెట్టి ప్రార్థన చేస్తాం, వీలు చూసుకుని వచ్చి నిన్ను పలకరిస్తాం. మొదటి రెండూ చేశారు. అది చెప్పకపోతే నాది అబద్ధం అవుతుంది.

ఆత్మకూరు నుంచి ఉదయగిరికి ఒక బస్సు, ఉదయగిరి నుంచి ఇంకో బస్సు, అది దిగాక మైలున్నర నడక. ఉదయగిరి కొండ వెనకపడే కొద్దీ చెట్లు పొట్టివై, నేల ఎర్రబడి, పలకరించే ముఖాలు తగ్గిపోయేవి. ఆ పల్లెలో ప్రార్థన గుడి అంటే మూడు గోడలు, తాటాకు కప్పు. నాలుగో గోడ ఏదో వానకు పడిపోయింది. దాని పక్కన నాకొక గది. పొద్దున అందరూ కూలికి పోయేవాళ్ళు. చిన్నపిల్లలు తప్ప ఊళ్ళో నిలబడి ఉన్నది నేనూ, కుక్కలూ. పిల్లలకు అక్షరాలు దిద్దించేదాన్ని, పాటలు నేర్పేదాన్ని. మధ్యాహ్నం వాళ్ళు కూడా మేకల వెనక పోయేవాళ్ళు. ఆ తర్వాత సాయంత్రం దాకా గాలి ఒక్కటే. తాటాకులో ఆ గాలి చేసే చప్పుడుకు మొదట్లో ఎవరో పిలిచారని లేచి బయటికి వచ్చేదాన్ని. కొన్నాళ్ళకు ఎవరైనా నిజంగా పిలిచినా లేచేదాన్ని కాదు. స్త్రీలు పొలం నుంచి వచ్చి, వండి, తిని, పిల్లలను పడుకోబెట్టి ప్రార్థనకు వచ్చేవాళ్ళు. కళ్ళు మూసుకోమంటే మూసుకునేవాళ్ళు, ఇక తెరిచేవాళ్ళు కాదు. నిద్ర. నేను ఒక్కదాన్నే ఆమెన్ చెప్పుకునేదాన్ని.

ఇక బియ్యం. నలభై ఇళ్ళ పిడికెళ్ళు ఒకే సంచిలో పోస్తే ఏమవుతుందో తిన్నవాళ్ళకే తెలుసు. కొత్త బియ్యం, పాత బియ్యం, లావు, సన్నం, ఎర్రవి, రేషన్‌వి, ఉప్పుడు బియ్యం, అన్నీ కలిసి వచ్చేవి. పొయ్యి మీద పెడితే సగం ముద్దయిపోయేది, సగం పంటికింద పలుకు. రెండేళ్ళలో ఒక్కనాడైనా అన్నం సమంగా ఉడకలేదు. మధ్యాహ్నం పూట గడప మీద కూర్చుని రాళ్ళు ఏరేదాన్ని. ఏరుతూ ఏరుతూ ఇళ్ళు పోల్చుకునేదాన్ని. ఈ ఎర్రగింజ చేజర్లలో పొలం ఉన్న దేవదానంగారింటిది. ఈ తెల్లటి సన్నం డాక్టరమ్మది. ముక్కవాసన కొట్టేది రేషన్ కార్డు వాళ్ళది, పాపం వాళ్ళు తినేదే వాళ్ళు పెట్టారు. వేపాకు ముక్క కనపడితే మా అవ్వది, దాన్ని కాసేపు చేతిలో పెట్టుకునేదాన్ని. నూకలు కూడా ఉండేవి. ఇంట్లో సన్నబియ్యం వండుకుని, దేవుని కుండలో నూకలు వేసే ఇల్లు ఏదో నాకు తెలుసు. పేరు రాయను. వాళ్ళ మనవరాలు మా చెల్లెలి కోడలు. ఆ పల్లెలో నాకు మాట్లాడే తోడు ఆ గింజలే. నవ్వుకుంటే నవ్వుకోండి.

ఆ సంచి ఆత్మకూరు బస్సు టాపు మీద ఉదయగిరి వచ్చేది. బస్టాండులో టీ కొట్టు ఖాదర్ భాయి దాన్ని దించుకుని, బల్ల కింద పెట్టి ఉంచేవాడు. నేను పోగానే టీ ఇచ్చి, నన్ను ఏడిపించేవాడు.

"టీచరమ్మా, మీ బియ్యం సలామత్‌గా వచ్చినాయి. మనిషి రాలా?"

"వస్తారు భాయ్. పనులుంటాయి."

"ఇన్ని బియ్యానికి బస్సులో జాగా దొరికినాది, ఒక మనిషికి దొరకలేదా?"

నేను టీ ఊదుకుంటూ తాగేదాన్ని. టీ డబ్బులు తీసుకునేవాడు కాదు. ఊరూ మతమూ వేరైన ఒక మనిషి నెలకొకసారి నా కోసం సిగ్గుపడేవాడు. అది దయ అని అప్పుడు నాకు తెలియలేదు, అవమానం అనుకున్నాను.

ఖాదర్ భాయి మాట ఎట్లా ఉన్నా, పల్లెలో స్త్రీలు అదే మాట అన్నప్పుడు నాకు నిద్ర పట్టలేదు. వాళ్ళలో పెద్ద మార్తమ్మక్క. నలభై దాటిన మనిషి, భర్త లేడు, ఎవరి మాటకూ వెనక్కు తగ్గేది కాదు. ఒకరోజు నేను, "ఆత్మకూరులో అమ్మగార్లు మీ కోసం ప్రతి శుక్రవారం ప్రార్థన చేస్తున్నారు," అని చెప్తుంటే, ఆమె చేయెత్తి ఆపింది.

"ఆ అమ్మగార్లు నిజంగా ఉండారా టీచరమ్మా?"

"ఉన్నారక్కా. నలభై ఇళ్ళవాళ్ళు."

"ఏమో. నువ్వొక్కదానివే వచ్చినావు. మాతో పాటు నిన్ను గూడా ఎవరో వదిలించుకున్నారేమో అనుకుంటా ఉండాము మేమంతా."

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే అదే అనుమానం నాకూ ఉంది. ఆ రోజు మొదలు నాకు ఒకటే పంతం. ఒక్కరు రావాలి. ఒక్క మనిషి ఆ బస్సు దిగి, మైలున్నర నడిచి, ఆ గుడిలో కూర్చోవాలి. లేకపోతే నేను చెప్పే దేవుడు కూడా వాళ్ళకు ఆత్మకూరు అమ్మగార్ల లాగే కనిపిస్తాడు. శాంతమ్మగారికి నాలుగు ఉత్తరాలు రాశాను. చివరికి జవాబు వచ్చింది. ఫలానా శనివారం ఆరుగురం వస్తున్నాం అని.

అది వేరుశనగ కాయలు పీకే కాలం. ఏడాదిలో కూలి బాగా దొరికే నాలుగు వారాలు అవి. మార్తమ్మక్క ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. శనివారం ఎవరూ కూలికి పోలేదు. ఉన్న మూడు గోడలకు సున్నం కొట్టారు. ఈతచాపలు అడిగి తెచ్చారు. రెండు కోళ్ళు కోశారు. అన్నం మాత్రం నా సంచిలో బియ్యమే వండమన్నాను. ఆ నూకలు పెట్టినవాళ్ళు వచ్చి ఆ నూకలు తినాలని నాలో ఒక చెడ్డ ఆశ ఉండింది, దాచను. పదకొండు గంటల బస్సుకు పిల్లాజెల్లాతో రోడ్డు మీదికి పోయాం. పిల్లలు పాట కూడా సిద్ధంగా పెట్టుకున్నారు. బస్సు ఆగింది. ఇద్దరు మగవాళ్ళు, ఒక మేకపోతు దిగారు. పిల్లలు ఆపుకోలేక వాళ్ళకే పాట పాడేశారు. సాయంత్రం బస్సుకు మళ్ళీ పోయాం. అది ఆగను కూడా ఆగలేదు. ఇంటికి వచ్చి చల్లారిన కూర, గడ్డకట్టిన అన్నం తిన్నాం. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

నాలుగు రోజులకు ఉత్తరం వచ్చింది, వెంబడే మనియార్డరు. "ప్రియ సహోదరి సుగుణకు. మేము ప్రార్థనలో కూడి ఆలోచించగా, ఆరుగురము వచ్చిపోవు బస్సు చార్జీలు వృథా చేయుటకంటె ఆ సొమ్ము మీ పనికి కానుకగా పంపుట మేలని తోచినది. ఆ శనివారమంతయు ఉపవాసముండి మీ కొరకు, అచ్చటి ఆత్మల కొరకు ప్రార్థించితిమి. మాకెంతో ఆశీర్వాదకరముగా నుండెను." నేను దాన్ని మడిచి పెట్టేద్దామనుకున్నాను. మార్తమ్మక్క చూసింది, చదవమంది. చదివాను.

ఆమె ఆ ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత అడిగింది.

"ఆ దినమంతా వాళ్ళు తిన్లేదా?"

"తినలేదక్కా. ఉపవాసం."

"మనం కోళ్ళు కోసుకుని తిన్నాము."

"అవును."

"బస్సుకు పెట్టుకున్న డబ్బులు మనకే పంపినారా?"

"మనకే."

"అట్టైతే వాళ్ళ దగ్గర ఏముండాది ఇంక?" అని మిగతావాళ్ళ వైపు తిరిగింది. "మనకు బియ్యం పంపి పంపి, ఆ ఆడోళ్ళు పస్తులుంటా ఉండారు. మనం ఇక్కడ రాలేదు రాలేదని మూతి ముడుచుకున్నాము."

నేను ఎంత చెప్పినా వినలేదు. వాళ్ళకు ఇళ్ళున్నాయి, పొలాలున్నాయి, ఉపవాసం అంటే అది కాదు అని చెప్పాను. ఆ పల్లెలో పస్తు అందరికీ తెలుసు. ఉన్న అన్నం పక్కన పెట్టుకుని తినకుండా ఉండడం ఎవరికీ తెలియదు. వారం తిరగకముందే పదకొండు ఇళ్ళ నుంచి పదకొండు దోసిళ్ళ సజ్జలు వచ్చాయి, కొన్ని ఇళ్ళ నుంచి వేరుశనగ కాయలు కూడా. ఒక సంచిలో పోసి మూతి కుట్టి నా ముందు పెట్టారు. "పోయి ఇచ్చి రా. తినమని చెప్పు," అంది మార్తమ్మక్క.

మోసుకుపోయాను. శుక్రవారం కూడికలో సంచి మధ్యలో పెట్టి, ఇది మీకు పల్లెవాళ్ళు పంపారు అన్నాను. ఎవరో మూతి విప్పారు. ఎవరో నవ్వారు. "సజ్జలా! ఇప్పుడెవరు దంచుతారమ్మా వీటిని? కోళ్ళకు బలం," అన్నారు శాంతమ్మగారు. ఆమె చెడ్డగా అనలేదు. ఆ మాట ఆమె నోటికి ఎంత సులువుగా వచ్చిందో అదే నాకు తగిలింది. నేను లేచి, మీరు శనివారం తినలేదని విని వాళ్ళు తమ తిండి పంపారు, ఆ రోజు మీ కోసం వాళ్ళు కూలి పోగొట్టుకున్నారు, మీ బస్సు చార్జీలు ఎవరు అడిగారు అన్నాను. శాంతమ్మగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "నీకు సాక్ష్యం చెప్పడం రాదు సుగుణా. ఎప్పుడూ ఫిర్యాదే," అన్నారు. ఆ తర్వాత ప్రార్థన చేశారు. ప్రార్థనలో నా కోపం కోసం కూడా చేశారు.

సంచి ఇంటికి మోసుకొచ్చాను. అవ్వ సజ్జలు దోసిట్లోకి తీసుకుని వాసన చూసింది. రోట్లో పోసి దంచింది. ఆ వయసులో, ఆ మోకాళ్ళతో. సంకటి కెలికి, ఒక ముద్ద నాకు పెట్టి, ఒక ముద్ద తను తింది. "ఆ ఆడోళ్ళ పేర్లు చెప్పు," అంది. పదకొండు పేర్లు చెప్పాను. రెండుసార్లు చెప్పించుకుంది. మర్నాడు తెల్లవారుజామున గోడ వైపు తిరిగినప్పుడు పెదవులు ఎక్కువసేపు కదిలాయి. బస్సు ఎక్కి రాలేని మనిషి చేయగలిగింది అది. ఎక్కి రాగలిగిన వాళ్ళు కూడా అదే చేసి సరిపెట్టుకోవడం వేరు. ఆ తేడా నేను ఇన్నేళ్ళుగా చెప్తూనే ఉన్నాను, విన్నవాళ్ళు లేరు.

ఇప్పుడు అంతా మారింది. ఎవరింట్లోనూ దేవుని కుండ లేదు, కానుక ఫోనులోనే పంపుతున్నారు. రోడ్లు బాగుపడ్డాయి, పల్లెలకు కార్లలోనే పోతున్నారు, ఫ్లెక్సీ కట్టి, దుప్పట్లు పంచి, ఫొటోలు తీసుకుని సాయంత్రానికి తిరిగి వస్తున్నారు. కనీసం పోతున్నారు కదా అంటుంది చెల్లెలు. అదీ నిజమే. అప్పుడు వచ్చిన మనియార్డరుతో పడిపోయిన గోడ లేపామని కూడా నేను ఒప్పుకోవాలి. ఆ నలభై ఇళ్ళ బియ్యం లేకపోతే నేను రెండు నెలలు కూడా నిలిచేదాన్ని కాదు. ఒప్పుకుంటున్నాను. ఒప్పుకోవడం వేరు, మరవడం వేరు.

రెండేళ్ళు నిండాక నాకు వింజమూరు దగ్గర గవర్నమెంటు బడిలో ఉద్యోగం వచ్చింది. పల్లెలో చెప్తే అందరూ సంతోషించారు. బయలుదేరిన రోజు మార్తమ్మక్క నా ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని రోడ్డు దాకా వచ్చింది. బస్సు ఆలస్యం. ఇద్దరం మైలురాయి దగ్గర కూర్చున్నాం. ఆమె కొంగుతో నా పెట్టె మీది దుమ్ము తుడుస్తూ, నా ముఖం చూడకుండా అడిగింది.

"నువ్వు గూడా పోయి ప్రార్థన చేస్తావా, వస్తావా?"

"వస్తానక్కా."

"ఎప్పుడు?"

"కాయలు పీకేటప్పుడు. మళ్ళీ ఏడు, మొదటి శనివారం."

"పొద్దున బస్సుకా?"

"పొద్దున బస్సుకే."

ఆమె తలూపింది. "అయితే ఆ దినం మేం కూలికి పోము," అంది.

ఆ ఏడాది కాయలు పీకే కాలంలో మా బడికి ఇన్‌స్పెక్షన్ వచ్చింది. పై ఏడు అవ్వ మంచాన పడింది. ఆ పై ఏడు నా పెళ్ళి. వింజమూరు నుంచి ఆ పల్లె ఎంతో దూరం లేదు. నేను ప్రార్థన చేశాను, క్రిస్మసుకు డబ్బు పంపాను, ఎవరైనా ఆ దారిన పోతుంటే అడిగానని చెప్పమన్నాను. కారణాలన్నీ నా దగ్గర ఉన్నాయి, శాంతమ్మగారి దగ్గర ఉన్నట్టే. ఆ మొదటి శనివారం వాళ్ళు రోడ్డు మీదికి వచ్చారో లేదో, వచ్చి ఎంతసేపు నిలబడ్డారో, ఇన్నేళ్ళలో నేను ఎవరినీ అడగలేదు.